వేంకటపతి దేవరాయలు: చంద్రగిరి కొలువు, పరమత సహనం

వేంకటపతి దేవరాయలు విజయనగర సామ్రాజ్యాన్ని ఏలిన నాలుగు వంశాల్లో చివరిదైన ఆరవీటి వంశపు రాజు. 1585–86లో పెనుకొండలో పట్టాభిషిక్తుడై, 1614 అక్టోబరులో మరణించేదాకా పాలించాడు. పెనుకొండ, చంద్రగిరి, వేలూరు ఒకదాని తరువాత ఒకటిగా ఆయనకు రాజధానులయ్యాయి. తళ్లికోట యుద్ధపు దెబ్బకు చితికిపోయిన రాజ్యాన్ని నిలదొక్కుకునేలా చేసిన చివరి సమర్థుడిగా చరిత్రకారులు ఆయన్ను గుర్తిస్తారు. తిరుమల వేంకటేశ్వరుడికి పరమ భక్తుడు. అయినా శైవ పండితుడి చేత గ్రంథం రాయించాడు, క్రైస్తవ ఫాదరీలకు చంద్రగిరిలో చోటిచ్చాడు. తన ఇలవేల్పును నాణెం మీద ముద్రించుకున్న రాజు ఎదుటివాడి వేల్పు జోలికి పోకపోవడం ఆయన పాలనలోని విశేషం. ఈ సహనానికి వెనుక రెండు వందల ఏళ్ల రాజధర్మం ఉంది, ఆనాటి రాజకీయ అవసరమూ ఉంది. దాని హద్దులు కూడా ఆయన కాలంలోనే బయటపడ్డాయి.

వంశం, పేరు

1565 జనవరిలో జరిగిన తళ్లికోట (రక్కసి–తంగడి) యుద్ధంలో అళియ రామరాయలు హతుడయ్యాడు. ఆయన తమ్ముడు తిరుమల దేవరాయలు విజయనగరం వదిలి పెనుకొండ చేరాడు. మిగిలిన రాజ్యాన్ని భాషలను బట్టి మూడు పాలనా భాగాలు చేసి కొడుకులకు అప్పగించాడు. శ్రీరంగరాయలు పెనుకొండ నుంచి తెలుగు సీమను, రాముడు శ్రీరంగపట్నం నుంచి కన్నడ సీమను, వేంకటపతి చంద్రగిరి నుంచి తమిళ సీమను చూసుకున్నారు. అన్న శ్రీరంగరాయలు సంతానం లేకుండా మరణించడంతో సింహాసనం వేంకటపతికి దక్కింది.

చరిత్ర గ్రంథాల్లో ఆయన పేరు 'రెండవ వేంకటపతి' అని కనిపిస్తుంది. అచ్యుతరాయల కొడుకు వేంకటుడు 1542లో కొద్దికాలం రాజైనందున అతడిని మొదటివాడిగా లెక్కిస్తారు. 1630ల్లో పాలించిన పెద వేంకటుడు మూడోవాడు. ఈ చివరి ఇద్దరినీ ఒకరిగా భావించడం వల్ల చంద్రగిరి చరిత్ర గురించి చెప్పేటప్పుడు తరచూ పొరపాట్లు దొర్లుతుంటాయి.

పాలన

వేంకటపతి గద్దెనెక్కిన కొన్నాళ్లకే గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా పెనుకొండను ముట్టడించాడు. కోటలో సరుకులు తక్కువ. రాజు సంధి మాట ఎత్తి, ఎదుటి సేన వెనక్కి జరగగానే ఆహారం, ఆయుధాలు, మనుషులను కోటలోకి చేర్చుకున్నాడని చెబుతారు. మళ్లీ ముట్టడి మొదలైనా కోట లొంగలేదు. వానాకాలం ముంచుకు రావడంతో సుల్తాను వెనుదిరిగాడు. ఆ తరువాత వేంకటపతి సేనలు ఉదయగిరి సీమలో పోయిన భూభాగాలను తిరిగి పట్టుకున్నాయి.

1592 ప్రాంతంలో రాజధాని చంద్రగిరికి మారింది. సుల్తానుల దాడులకు పెనుకొండ కంటే ఇది దూరం. తమిళ సీమలోని నాయకులపై కన్ను వేసి ఉంచడానికీ అనువైన చోటు. రాజప్రతినిధిగా వేంకటపతి ఏళ్ల తరబడి మసలిన ఊరు కూడా. మధుర, తంజావూరు, జింజి నాయకులు పేరుకు సామంతులే అయినా కప్పం కట్టడంలో, ఆజ్ఞ పాటించడంలో ఎవరి దారి వారిదే. వారిని దారిలో పెట్టడానికి వెలుగోటి యాచమ నాయకుడి వంటి సేనానులు రాజుకు అండగా నిలిచారు. 1601లో ఉత్తరమేరూరు దగ్గర జరిగిన పోరులో యాచముడు గెలిచాడు. తరువాత వేలూరు లింగమ నాయకుడిని లొంగదీయడంతో అక్కడి బలమైన కోట రాజు చేతికి వచ్చింది. 1604–06 మధ్య కొలువు వేలూరికి తరలింది.

అన్నిచోట్లా ఆయన మాట నెగ్గలేదు. 1610లో మైసూరు రాజ ఒడయారు శ్రీరంగపట్నాన్ని ఆక్రమించాడు. అక్కడ ప్రతినిధిగా ఉన్నవాడు రాజు అన్న కొడుకే. అయినా వేంకటపతి దండెత్తకుండా 1612లో ఒడయారు ఆధిపత్యాన్ని గుర్తించాడు. మైసూరు స్వతంత్ర రాజ్యంగా ఎదగడానికి అక్కడే బాట పడింది.

చంద్రగిరి కోట

తిరుపతికి పడమట, స్వర్ణముఖి లోయలో పెద్ద బండరాతి కొండ దిగువన చంద్రగిరి కోట ఉంది. యాదవరాయల కాలంలో, 11వ శతాబ్దపు ఆరంభంలో దీన్ని కట్టారని చెబుతారు. ఇక్కడి నాయకుడిగా ఎదిగిన సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనాన్ని ఎక్కాడు. శ్రీకృష్ణదేవరాయలు తన సోదరుడు అచ్యుతరాయలను ఈ కోటలోనే నిర్బంధంలో ఉంచాడు. 1529లో అచ్యుతుడు ఇక్కడి నుంచే రాజ్యానికి వచ్చాడు.

కోటలో నేడు నిలిచి ఉన్న రాజమహల్ మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, అంతస్తులకు కలప వాడలేదు. ముఖభాగం దగ్గర నిలబడి కింది నుంచి పైకి చూస్తే రెండు వాస్తు సంప్రదాయాలు ఒకే గోడ మీద కలుస్తాయి. కింద వరసగా సుల్తానుల కట్టడాల తీరులో కొనదేలిన కమానులు ఉంటాయి. పైకప్పు మీద గుడి విమానాలను తలపించే శిఖరాలు ఉంటాయి. దేవాలయాన్ని ఆగమ పద్ధతిలో కట్టి, రాజభవనానికి మాత్రం పొరుగు రాజ్యాల వాస్తును వాడుకోవడం విజయనగర కాలపు ఆనవాయితీ. హంపీలోని కమలమహల్‌లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

తిరుమలతో అనుబంధం

సంగమ వంశపు కాలం నుంచి విజయనగర రాజుల శాసనాల చివర 'శ్రీ విరూపాక్ష' అనే చేవ్రాలు ఉండేది. వేంకటపతి తన తామ్రశాసనాల్లో దాని స్థానంలో 'శ్రీ వేంకటేశ' అని రాయించాడు. ఆయన బంగారు నాణెం ఒకవైపు తోరణం కింద నిలుచున్న వేంకటేశ్వరుడి రూపం, రెండోవైపు నాగరి లిపిలో స్వామికి నమస్కారం చెప్పే మాట ఉంటాయి. హంపీ విరూపాక్షుడి నీడలో మొదలైన రాజ్యం తిరుమల కొండ కిందికి చేరిన సంగతి ఆ నాణెంలో తెలిసిపోతుంది. స్వామి రూపాన్ని ముద్రించే ఈ అలవాటు రాజ్యం పోయాకా ఆగలేదు. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ వేయించిన 'మూడు స్వాముల వరహా' మీద కూడా దేవేరులతో కూడిన స్వామి బొమ్మే ఉంటుంది.

తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే వచ్చే ప్రతిమా మండపంలో వేంకటపతి రాగి విగ్రహం ఉంది. అదే మండపంలో తిరుమలదేవి, చిన్నాదేవులతో శ్రీకృష్ణదేవరాయల విగ్రహాలు, రాతిలో చెక్కిన అచ్యుతరాయల దంపతుల విగ్రహాలు ఉన్నాయి. రాజులందరూ చేతులు జోడించి స్వామి వైపు నిలిచిన భక్తులుగానే కనిపిస్తారు.

రాజగురువు తాతాచార్యులు శ్రీవైష్ణవ పీఠపు పెద్ద. పట్టాభిషేకం జరిపించింది ఆయనే. కొలువులో వైష్ణవానిదే పైచేయి అనడంలో సందేహం లేదు.

పూర్వరంగం

వేంకటపతి మత విధానం ఆయనతో మొదలు కాలేదు. మొదటి బుక్కరాయల కాలంలో జైనులకూ శ్రీవైష్ణవులకూ తగవు వచ్చింది. జైనులు రాజు దగ్గర మొర పెట్టుకున్నారు. 1368 నాటి శ్రవణబెళగొళ శాసనం ఆ తీర్పును వివరంగా చెబుతుంది. శ్రీరంగం, తిరుమల, కంచి, మేలుకోట క్షేత్రాల ఆచార్యులను సభకు పిలిపించారు. జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, రెండు దర్శనాలకూ భేదం లేదని, జైనుల లాభనష్టాలను వైష్ణవులు తమవిగా చూసుకోవాలని రాజు కట్టడి చేశాడు. బెళగొళ గొమ్మటేశ్వరుడికి ఇరవై మంది కావలివారిని పెట్టడానికి జైనుల ఇంటికి ఏటా ఒక హణం చొప్పున వసూలు చేయాలి. మిగిలిన సొమ్ముతో జినాలయాలకు సున్నం వేయించాలి. ఈ పని అప్పగించినది తిరుమల తాతయ్య అనే వైష్ణవ పెద్దకు. తగవుకు కారణమైన పక్షం చేతనే రెండో పక్షానికి రక్షణ కల్పించిన తీర్పు ఇది.

రెండవ దేవరాయలు (1424–46) సైన్యంలోకి ముస్లిం విలుకాండ్రను, రౌతులను పెద్ద ఎత్తున తీసుకున్నాడు. సింహాసనం ముందు ఖురాను ఉంచి, వారి నమస్కారం ఆ గ్రంథానికి చెందేలా ఏర్పాటు చేశాడని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఆ రాజు కొలువులోని అహ్మద్ ఖాన్ 1439లో విజయనగరంలో కట్టించిన మసీదు శాసనంతో సహా నేటికీ ఉంది. శాసనంలో దాన్ని ధర్మశాల అని పేర్కొన్నారు.

తిరుపతి సీమలోనే మరో ఉదాహరణ శ్రీకృష్ణదేవరాయలది. 1513–21 మధ్య ఏడుసార్లు తిరుమల కొండెక్కిన ఆ వైష్ణవ రాజు 1516లో శ్రీకాళహస్తి శివాలయానికి నూరుకాళ్ల మండపం, గాలిగోపురం కట్టించాడు. ఆ గోపురం 2010 మే 26న కూలిపోగా తరువాత తిరిగి కట్టారు. కాళహస్తీశ్వరుడి భక్తుడైన ధూర్జటికి ఆయన కొలువులో చోటు దక్కింది. అచ్యుతరాయలు శ్రీకాళహస్తిలోనూ పట్టాభిషేకం చేయించుకున్నాడు. రాజు ఇష్టదైవం ఎవరైనా రెండు క్షేత్రాలకూ కానుకలు వెళ్లేవి.

శైవ పండితుడికి ఆదరణ

అద్వైత వేదాంతి, శివభక్తుడు అయిన అప్పయ్య దీక్షితులు మొదట వేలూరు చిన్న బొమ్మ నాయకుడి ఆశ్రయంలో ఉన్నాడు. శివుడి ఆధిక్యాన్ని నిలబెడుతూ అనేక గ్రంథాలు రాశాడు. వైష్ణవ ఆచార్యులతో ఆయన వాదాలు ఆ రోజుల్లో పేరుపడినవి. అలాంటి పండితుడు తన 'కువలయానందం' అనే అలంకార గ్రంథాన్ని వేంకటపతి ఆజ్ఞపై రాశానని గ్రంథం చివర చెప్పుకున్నాడు. అలంకారశాస్త్రం చదివే సంస్కృత విద్యార్థులు నేటికీ మొదట పట్టేది ఆ పుస్తకమే. శ్రీవైష్ణవ గురువు పక్కన ఉండగా శైవ పండితుడికి పని అప్పగించడంలో రాజు చూసుకున్నది పాండిత్యాన్ని.

జెసూట్ ఫాదరీలు

పోర్చుగీసువారి ఆధీనంలోని మైలాపూరు శాంథోమ్ నుంచి 1598లో జెసూట్ ఫాదరీలు చంద్రగిరికి వచ్చారు. వారిలో శాంథోమ్ విద్యాలయ పెద్ద సిమావో ద సా, ఫ్రాన్సిస్కో రిచ్చి ముఖ్యులు. రాజు మామ ఓబరాయలు వారిని కొలువుకు చేర్చాడు. చర్చి కట్టుకోవడానికి, మతం బోధించుకోవడానికి రాజు అనుమతి ఇచ్చాడు, ఖర్చులకు ఆదాయం కల్పించాడు. ఫాదరీలలో కొందరు తెలుగు నేర్చుకున్నారు. పోర్చుగీసు రాతల్లో ఆ భాష పేరు 'బడగ'. ఉత్తరాదివారు అనే అర్థంలో తమిళులు వాడే 'వడుగ' మాట నుంచి వచ్చిందది.

రాజుకు వారి దగ్గర నచ్చినవి బొమ్మలు, లెక్కలు. అలెగ్జాండర్ ఫ్రే అనే ఆంగ్ల సోదరుడు, ఆ తరువాత బార్తొలొమియో ఫాంటెబోనా అనే ఇటలీ సోదరుడు ఆయన కొలువులో చిత్రాలు వేశారు. క్రైస్తవ కథల చిత్రాలను రాజు ఆసక్తిగా చూసి, వాటి అర్థం అడిగి తెలుసుకునేవాడు. వేలూరులో ఆంటోనియో రుబీనో అనే ఫాదరీ ఖగోళ, గణిత విషయాలు చర్చించేవాడు. ఈ రుబీనోనే 1643లో జపాన్‌లోని నాగసాకిలో మత కారణాలతో హింసించి చంపారు. చంద్రగిరి, వేలూరు కొలువుల్లో తలెత్తి మాట్లాడిన మనిషికి మరో దేశంలో అదే మతబోధ ప్రాణాంతకమైంది.

రాజు మతం మారతాడని ఫాదరీలు ఆశపడ్డారు. అది జరగలేదు. రాజధానిలో వారి మతంలో కలిసినవారూ బహు కొద్దిమంది. గురువులు, కొలువు పెద్దలు అభ్యంతరం చెప్పినా వేంకటపతి వారిని వెళ్లగొట్టలేదు. చివరికి పోర్చుగీసు సింహాసనం ఆదేశాల వల్లే ఆ మిషన్ మూతపడింది. స్పెయిన్, పోర్చుగల్ రాజ్యాలను కలిపి ఏలుతున్న మూడవ ఫిలిప్‌తో వేంకటపతికి ఉత్తరాల రాకపోకలు ఉండేవి.

ఈ ఆదరణలో భక్తి కంటే రాజనీతి పాలు ఎక్కువ. తీరంలో పోర్చుగీసు ఓడల బలం ఉంది, పడమటి రేవుల గుండా వచ్చే గుర్రాల వ్యాపారం ఉంది. ఫాదరీలు గోవాతో మాట్లాడటానికి పనికివచ్చే మనుషులు. కానీ ఒక్కరి చేతిలో చిక్కుకోవడం రాజుకు ఇష్టం లేదు. పోర్చుగీసువారి బద్ధవిరోధులైన డచ్చివారికి 1610లో పులికాట్‌లో వర్తక స్థానం ఇచ్చాడు. 1612లో పోర్చుగీసువారు దాని మీద దాడి చేసినా డచ్చివారు కదల్లేదు. 1613 నాటికి అక్కడ గెల్డ్రియా కోట లేచింది. కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ యూరపులో నెత్తుటి పోరు నడుస్తున్న కాలంలో ఒకే రాజు తీరంలో ఇద్దరూ మసిలారు.

సుల్తానులతో వైరం

గోల్కొండ, బీజాపూరులతో వేంకటపతి యుద్ధాలను హిందూ–ముస్లిం పోరుగా చెప్పడం తరువాతి కాలపు పద్ధతి. ఆనాటి సంబంధాలు అంత సులువుగా రెండు ముక్కలు కావు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల అండన తలదాచుకున్నాడు. రాజయ్యాక తెలుగు కవులను ఆదరించి 'మల్కిభరాము'డిగా పేరు తెచ్చుకున్నాడు. అద్దంకి గంగాధరుడు 'తపతీసంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆయనకే. ఆ ఇబ్రహీమే తళ్లికోటలో రామరాయల మీద కత్తి దూశాడు, ఆయన కొడుకే పెనుకొండ మీదికి వచ్చాడు. పోరు కోటల కోసం, కప్పాల కోసం, కృష్ణా–పెన్నా మధ్య సీమల కోసం జరిగింది. ఇటు వేంకటపతి తొలి రాజధాని పెనుకొండలో బాబయ్య దర్గాకు హిందువులూ వెళ్లే ఆనవాయితీ నేటికీ ఉంది.

హద్దులు

ఈ సహనాన్ని నేటి సమాన హక్కులతో సమానంగా చూడలేం. ఎవరికి ఏ మేరకు చోటు దక్కాలో రాజు ఇష్టాన్ని బట్టి ఉండేది. కులభేదాల జోలికి అది వెళ్లలేదు. రాజధానికి దూరంగా సామంతుల సీమల్లో దాని పట్టు ఇంకా సన్నం.

చిదంబరం ఘటన ఇందుకు నిదర్శనం. అక్కడి నటరాజ ఆలయంలోని గోవిందరాజస్వామి సన్నిధి గురించి శైవ వైష్ణవుల మధ్య తగవు పాతది. వెనుక ఒకప్పుడు ఆ మూర్తికి అక్కడ చోటు లేకపోతే రామానుజులు తిరుపతిలో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని సంప్రదాయం చెబుతుంది. అచ్యుతరాయలు 1539లో చిదంబరంలో స్వామిని తిరిగి ప్రతిష్ఠింపజేశాడు. 1597–98లో వేంకటపతి సామంతుడైన జింజి కృష్ణప్ప నాయకుడు ఆ సన్నిధిని బాగుచేయించబోతే శైవ అర్చకులు ఎదురు తిరిగారు. నాయకుడు వెనక్కి తగ్గలేదు. అర్చకులు గోపురమెక్కి దూకి ప్రాణాలు తీసుకున్నారు. ఇరవై మంది దాకా చనిపోయారని, ఆ సమయంలో అటుగా వెళ్లిన జెసూట్ నికొలావ్ పిమెంటా రాశాడు.

బుక్కరాయలు ఇరుపక్షాలనూ సభకు పిలిచి తగవు తీర్చినట్టు ఇక్కడ తీర్చినవారు లేరు. పై నుంచి ఆజ్ఞ వచ్చినా జింజి వినే స్థితిలో లేదు. పైగా వేంకటపతి పాలనలో మత విషయాల గురించి మనకు తెలిసిన వివరాల్లో చాలావరకు జెసూట్ లేఖల నుంచే వచ్చాయి. వారు తమ మిషన్ గెలుపోటముల కోణంలో రాసుకున్నారు. కాబట్టి వాటిని శాసనాలు, నాణేలు, ఆనాటి గ్రంథాలతో కలిపి చదవాలి. ఈ పని మొదట పెద్ద ఎత్తున చేసినవాడు హెన్రీ హెరాస్. బొంబాయిలో పనిచేసిన ఈ జెసూట్ చరిత్రకారుడు ఆరవీటి వంశంపై 1927లో ప్రచురించిన గ్రంథం ఇప్పటికీ ప్రధాన ఆధారం.

వారసత్వ పోరు

వేంకటపతికి సొంత కొడుకులు లేరు. గొబ్బూరి వారి ఆడపడుచైన రాణి ఒక బాలుణ్ణి తన కొడుకని చూపినా రాజు నమ్మలేదు. మరణానికి కొద్దిరోజుల ముందు అన్న కొడుకు శ్రీరంగుడిని వారసుడిగా ప్రకటించాడు. రాజు కన్నుమూశాక గొబ్బూరి జగ్గరాయడు శ్రీరంగుడిని కుటుంబంతో సహా చెరపట్టి చంపించాడు. వెలుగోటి యాచముడు శ్రీరంగుడి కొడుకు రామదేవుణ్ణి మాత్రం తప్పించగలిగాడు. రెండు పక్షాల సేనలు తిరుచిరాపల్లి సమీపంలోని తోపూరులో తలపడ్డాయి. జగ్గరాయడు అక్కడ హతుడయ్యాడు. రామదేవుడు రాజయ్యాడు కాని, నాయకులను కట్టడి చేసే శక్తి పెనుకొండ, చంద్రగిరి, వేలూరులలో దేనికీ మిగల్లేదు. వేంకటపతి నాయకత్వంలోని పెద్ద లోపం ఇదే. మనుషులను తన చుట్టూ కలిపి ఉంచగలిగాడు కాని, తన తరువాత వారిని కలిపి ఉంచే ఏర్పాటు చేయలేకపోయాడు.

ఈనాటి ఆనవాళ్లు

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉన్న చంద్రగిరి, 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరింది. రాజమహల్‌లో భారత పురావస్తు శాఖ మ్యూజియం నడుస్తోంది. పక్కనే రాణీమహల్ ఉంది. మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చిన పత్రం ఇక్కడే తయారైందని చెప్పుకుంటారు. ఆ దానం 1639 నాటిది. అప్పటి రాజు పెద వేంకటుడు, చేయించినవాడు దామర్ల నాయకుడు. ఈ వ్యాసంలోని వేంకటపతి అప్పటికి మరణించి పాతికేళ్లు.

తెలుగువారి జ్ఞాపకంలో శ్రీకృష్ణదేవరాయలకు దక్కిన చోటు వేంకటపతికి దక్కలేదు. ఆయన కాలంలో రాజ్యం పెరగలేదు, అష్టదిగ్గజాల వంటి కథలు పుట్టలేదు. ఆయనది ఓడిన రాజ్యాన్ని ఇరవై ఎనిమిదేళ్ల పాటు నిలబెట్టిన పాలన. బలం తగ్గిన రాజు స్వమతస్థులను కూడగట్టడానికి పరమతస్థులను తరిమే దారి పట్టవచ్చు, అలాంటి రాజులు ఆ శతాబ్దంలో యూరపులోనూ ఆసియాలోనూ ఉన్నారు. వేంకటపతి ఆ దారి పట్టలేదు. తాతాచార్యుల శిష్యుడిగా ఉంటూనే అప్పయ్య దీక్షితులను ఆదరించాడు, ఫాదరీల వాదన విని తన నమ్మకంలోనే నిలిచాడు, డచ్చివారికీ పోర్చుగీసువారికీ తీరంలో చోటిచ్చాడు. విజయనగరంలో బుక్కరాయల తీర్పుతో మొదలైన సంప్రదాయం రాజ్యం కుంగిపోయే దశలోనూ కొలువులో బతికే ఉందనడానికి ఆయన పాలన చివరి పెద్ద సాక్ష్యం. రాజు మాట చెల్లినంత దూరమే అది పనిచేసిందనడానికి చిదంబరం సాక్ష్యం.